సరకుల ఓడలో కవి

సముద్రయానాన్ని వర్ణించిన గ్రంథాలు భారతీయ భాషలలో తక్కువగా లేవు. కాని వాటిలో అధికభాగం ఓడ ఎక్కడంతో ఆరంభమై, మరుపుటలోనే ఓడ దిగడంతో అసలు కథలో ప్రవేశిస్తాయి. విడిచివచ్చిన దేశానికీ, చేరవలసిన దేశానికీ నడుమ సముద్రం ఒక వ్యవధానం మాత్రమే. ఎంత త్వరగా దాటితే అంత మేలని రచయిత భావిస్తాడు. రవీంద్రనాథ ఠాకూరు రచించిన 'జపాన్ యాత్రి' ఈ సామాన్య లక్షణానికి లోబడదు. పేరు జపానుది, కాని గ్రంథంలో పెద్దభాగం జపాను కంటబడకముందే నడుస్తుంది. నీరు, ఆకాశం, రేవులు, మూటలు, కూలీలు, కళాసీలు, తోటి ప్రయాణికులు - వీరి నడుమనే కవి మనస్సు చాలాకాలం నిలిచినది. ఇందుకు కారణం కవి స్వభావంలో కొంత, అతడు ఎక్కిన ఓడ స్వభావంలో కొంత ఉన్నది. మొదటిదానిని గురించి విమర్శకులు విస్తారంగా వ్రాసినారు. రెండవది అంతగా విచారణకు రాలేదు. ఆ ఓడ ముఖ్యంగా సరకులను మోసే ఓడ. ఈ ఒక్క సంగతి గ్రంథాన్ని ఎట్లు తీర్చిదిద్దినదో చూడడం అవసరం.

ఆ ఓడ పేరు తోసామారు, జపానువారిది. 1916 మే నెల మొదటి దినాలలో కలకత్తా రేవు విడిచి, రంగూను, పెనాంగు, సింగపూరు, హాంకాంగుల మీదుగా అదే నెల 29వ తేదీన కోబె చేరినది. అప్పటికి నోబెల్ బహుమానం వచ్చి మూడేండ్లు కావస్తున్నది. కవికి ఏబదియైదేండ్లు నిండినది ఈ ప్రయాణంలోనే. వెంట సి.ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు.డబ్ల్యు. పియర్సన్, యువచిత్రకారుడు ముకుల్ చంద్ర డే ఉన్నారు. ఐరోపాలో మహాయుద్ధం సాగుతున్న కాలమది. దారిపొడుగునా వ్రాసిన లేఖలు ప్రమథ చౌధురి సంపాదకత్వాన వెలువడుతున్న 'సబుజ్ పత్ర'లో ప్రచురితమై, 1919లో గ్రంథరూపం ధరించినవి.

ప్రయాణికుల ఓడకూ సరకుల ఓడకూ ఉన్న భేదం కేవలం సౌకర్యాలకు సంబంధించినది కాదు. ప్రయాణికుల ఓడలో కాలం ప్రయాణికునిది. భోజనవేళలు, వినోదాలు, రేవులలో ఆగే గడియలు, అన్నీ అతనికోసమే నిర్ణయమై ఉంటాయి. సరకుల ఓడలో కాలం సరకుది. మూటలు దిగేవరకు ఓడ ఆగుతుంది; మూటలు ఎక్కగానే కదులుతుంది. నడుమ ఉన్న నాలుగు గదులలో కూర్చున్న మనిషి ఎంత గొప్పవాడైనా, ఆ ఓడ అతనికోసం బయలుదేరినది కాదు. అతడు ఒకరి ఇంట పెద్దపని జరుగుతున్న దినాన వచ్చిన అతిథివంటివాడు. పనివారు మర్యాద చేస్తారు. కాని పని మానరు. లోకమంతా తన రాకను ఉత్సవంగా జరుపుతున్న కాలంలో రవీంద్రునికి ఇట్టి స్థానం లభించడం అతని అదృష్టమనే చెప్పవలె. సత్కారం లేనిచోట చూపుకు తీరిక దొరుకుతుంది.

ఈ తీరికలో కవి మొదట గమనించినది ఓడవారి నడవడి. ఐరోపీయుల ఓడలలో కప్తాను ఒక అధికారం; ఉడుపులూ నియమాలూ కలిసి అతనిలోని మనిషిని మరుగుపరుస్తాయి. తోసామారు కప్తాను సహజంగా మసలే మనిషి. ఓడపనివారు తమ పని చక్కగా చేస్తూనే ప్రయాణికులతో మనుష్యులవలె మాటలాడుతారు. ఇందుండి కవి ఒక సిద్ధాంతం ఊహించినాడు: పడమటి దేశాలలో పనిసంబంధం మానవసంబంధం నుండి తెగిపోయినది, తూర్పుదేశాలలో పని నడుమ కూడా మానవసంబంధం చొరబడుతుంది. ఈ సిద్ధాంతం సర్వత్రా నిలుస్తుందా అని ప్రశ్నించవచ్చును. పనితో సంబంధం చొరబడినచోటనే చనువుతోపాటు దాష్టీకం కూడ చొరబడుతుందని మన దేశపు జమీందారీ కచేరీలు చూచినవారికి తెలియనిది కాదు. అయినను ఈ ఊహలో ఒక అందమున్నది. ఇది పుస్తకం చదివి చెప్పిన మాట కాదు. ఒక కప్తానును, కొందరు కళాసీలను దినదినమూ చూచి చెప్పిన మాట. రవీంద్రుని భావనలు ఆకాశం నుండి దిగివస్తాయని అనుకొనేవారు ఈ గ్రంథం చదువవలె. ఇక్కడ అవి ఓడపలకల మీదనే పుట్టినవి.

బంగాళాఖాతంలో ఓడను తుపాను పట్టిన రాత్రి కవి డెక్కు మీదనే ఉండి, గాలికి ఎదురుగా పాటలు పాడుతూ గడిపినాడు. ఈ ఘట్టం సుప్రసిద్ధమైనది. అయితే పలువురు దీనిని కవిధైర్యానికి నిదర్శనంగా మాత్రమే చెప్పుతారు. ఆ ఘట్టంలోని అసలు గుణం వేరు. గాలి పెద్దది, పాట చిన్నది అని కవికి తెలుసు. ఆ తెలివిడిలోనే కొంత హాస్యం తొణికిసలాడుతుంది. తనను తాను తేలికగా చూచుకొనగల ఈ చూపే తక్కిన గ్రంథానికి కూడ నమ్మకం చేకూర్చినది.

గ్రంథంలోని ప్రధాన వైరుధ్యం రేవులకు సంబంధించినది. హుగ్లీ నదిలో ఓడ సాగుతున్నప్పుడు ఒడ్డున ఉన్న మిల్లులను చూచి కవి మనస్సు కుంచించుకొనిపోయినది. నదికీ ఊరికీ ఉండిన పాత స్నేహాన్ని వర్తకం చెరిపివేసినదని అతని బాధ. వర్తకాన్ని అతడు ఒక దానవమూర్తిగా చూచినాడు. పూర్వయుగాలలో మేనిబరువు మోయలేక నశించిన మహాజంతువులతో దానిని పోల్చినాడు. అదే కవి హాంకాంగు రేవులో చీనా కూలీలు సరకు ఎత్తడం, దించడం చూచి పరవశుడైనాడు. రేవుపని చూడడంలో ఇంత ఆనందం ఉంటుందని తాను ముందు ఊహించలేదని అతడే ఒప్పుకొన్నాడు. అదనమేమీ లేని ఆ శరీరాలు, పనిలయకు తగినట్లు అలలవలె కదిలే కండరాలు అతనికి ఒక కావ్యంవలె తోచినవి. ఇట్టి శ్రమశక్తి గల చీనా ఒకనాడు నవీనసాధనాలను చేపట్టినచో దానిని అడ్డగింపగల బలం లోకంలో ఉండదని కూడ అతడు ఊహించినాడు. 1916లో, చీనా పరరాజ్యాల ఒత్తిడి కింద నలిగిపోతున్న కాలంలో, ఇంత స్పష్టంగా ఈ మాట చెప్పినవారు అరుదు.

మిల్లును ఏవగించుకొన్న కన్ను మూటను ఎట్లు మెచ్చుకొన్నది? రెండూ ఒకే వర్తకంలోని భాగాలే గదా! ఇది అసంగతమని కొందరికి తోచవచ్చును. కాని రవీంద్రుడు నిందించినది పనిని కాదు. మితి తెలియని పోగును. అతడు మెచ్చినది సంపదను కాదు. మితి తెలిసిన కదలికను. సంగీతంలోవలె శ్రమలో కూడ తాళమే అందమని అతని నమ్మకం. ఈ దృష్టితో చూచినచో వైరుధ్యం చాలావరకు తీరిపోతుంది.

చాలావరకు తీరినా పూర్తిగా తీరదు. తాళం పైడెక్కు నుండి చూచేవానికి కనబడుతుంది. బరువు మోసేవానికి బరువే తెలుస్తుంది. ఆ కూలికి రోజుకూలి ఎంత, ఎన్ని గంటల పని, సాయంకాలం ఏ గుడిసెకు పోతాడు అన్న ప్రశ్నలు ఆ వర్ణన వెలుగులో మరుగుపడినవి. రవీంద్రునికి ఆ రెండవ చూపు లేకపోలేదు. 1925లో వ్రాసిన 'శూద్రధర్మం' అన్న వ్యాసంలో అతడు జపాను వెళ్లే దారిలో హాంకాంగు రేవున తాను చూచిన మరొక దృశ్యాన్ని చెప్పినాడు. పంజాబు నుండి వచ్చిన కావలివాడొకడు అతి స్వల్పకారణానికి ఒక చీనావాని జడ పట్టుకొని కాలితో తన్నినాడు. కొట్టినవాడు భారతీయుడు, కొట్టించినది సామ్రాజ్యం, దెబ్బ తిన్నవాడు తన దేశంలోనే పరాయివాడు. కవిని సిగ్గుపరచినది ఇదే. ఆ రేవును పూర్తిగా తెలుసుకొనవలెనంటే 'జపాన్ యాత్రి'లోని ఆనందాన్నీ, 'శూద్రధర్మం'లోని అవమానాన్నీ కలిపి చదువవలె. ఒకటి చాలదు. లయ చూచిన కన్నే లాఠీని కూడ చూచినదన్నప్పుడు గాని ఆ కవి ఎంతటివాడో బోధపడదు.

ఇక తెలుగు పాఠకునికి అత్యంత సన్నిహితమైన భాగానికి వద్దాము. కలకత్తా నుండి రంగూనువరకు తోసామారు నిండా డెక్కు ప్రయాణికులు ఉన్నారు. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసీలనీ, దాదాపు అందరూ రంగూను పోతున్నారనీ కవి వ్రాసినాడు. ఓడవారు వారిపట్ల కాఠిన్యం చూపలేదనీ, ఒక్కొక్కరికి బొమ్మలు వేసిన కాగితపు విసనకర్ర ఇచ్చినారనీ, అందుకు వారెంతో సంతోషించినారనీ చెప్పినాడు. తరువాత ఒక విమర్శ చేసినాడు. వారిలో పలువురు హిందువులు కనుక ఓడవంట ముట్టరు. చెరకు నమిలి, అటుకులు తిని కాలం గడుపుతారు. శుభ్రత పాటిస్తారు, కాని శాస్త్రం గీచిన గీత లోపలనే. గీత వెలుపల ఎంత మురికి ఉన్నా వారికి పట్టదు. చెరకుపిప్పిని చేయి చాచి సముద్రంలో పడవేయడం సులభమే. అయినను కూర్చున్నచోటనే పడవేస్తారు.

ఈ విమర్శలో సత్యమున్నది. మడి అన్నది దేహానికీ గిన్నెకూ పరిమితమై, వీధినీ ఊరినీ విడిచిపెట్టినదన్న మాట తెలుగుదేశంలో సంస్కర్తలు కూడ చెప్పినదే. దీనిని ప్రాంతీయాభిమానంతో త్రోసివేయడం తగదు. అయితే విమర్శ సత్యమైనంతమాత్రాన వర్ణన సమగ్రమని చెప్పలేము. చెరకుపిప్పి ఎక్కడ పడినదో కవి చూచినాడు. ఆ చెరకు నమిలినవాడు ఏ ఊరినుండి వచ్చినాడో, ఎందుకు వచ్చినాడో ఆ పుట తెలుపదు. వారి వర్ణన ఉన్నది. వారి గాథ లేదు.

'మద్రాసీ' అన్న మాట ఆ గాథకు కప్పిన దుప్పటి. ఆ కాలంలో మద్రాసు రాజధాని గంజాం నుండి కన్యాకుమారి దగ్గరివరకు వ్యాపించి ఉండేది. నాలుగైదు భాషలవారు ఉత్తరాదివారి నోట ఒక్క మాటలో ఇమిడిపోయేవారు. ఆ డెక్కు మీద తెలుగువారెందరో ఆ మాటనుబట్టి తేల్చలేము. కాని రంగూను రేవులోనూ, ధాన్యపు మిల్లులలోనూ బరువు మోసిన భారతీయ కూలీలలో పెద్దభాగం విశాఖపట్నం, గోదావరి మండలాల నుండి వెళ్లినవారని చరిత్ర చెప్పుతున్నది. వారిని అక్కడ 'కోరంగీలు' అని పిలిచేవారు. గోదావరీ ముఖాన ఉన్న కోరంగి రేవు పేరే ఆ పిలుపుకు మూలం. వారు ఆ నగరాన్ని రంగూను అనలేదు; 'రంగం' అన్నారు. ఉత్తరాంధ్రలో 'రంగం పోయినాడు' అన్న మాటలో ఒక కుటుంబపు అప్పు, ఆశ, ఎదురుచూపు మూడూ ఉండేవి. మేస్త్రీ ముందుగా ఇచ్చిన సొమ్ము తీరేవరకు ఆ కూలివాడు తన చేతులకు తాను యజమాని కాడు. హిందీలో 'గిరిమిటియా' అన్న మాటకు దూరతీరాల చెరకుతోటల కన్నీటి చరిత్ర ఉన్నది. రంగం కూలీలు ఆ విధమైన ఒడంబడికకు లోబడినవారు కారు; అయినను మేస్త్రీ పద్దు మరొక విధమైన సంకెల. 1930 మే నెలలో రంగూను రేవులో సమ్మె అనంతరం చెలరేగిన అల్లర్లలో దెబ్బ తిన్నవారు ఈ తెలుగు కూలీలే. 1942లో జపాను సేనలు బర్మాను ముట్టడించినప్పుడు అడవులూ కొండలూ దాటి నడచి వచ్చినవారిలో, దారిలో రాలిపోయినవారిలో వీరు ఉన్నారు. 1916లో జపాను ఓడవారిచ్చిన కాగితపు విసనకర్రకు మురిసిన ప్రయాణికుల దారి ఎటు పోయినదో తలచుకొన్నప్పుడు, ఆ చిన్న వివరం కవి ఉద్దేశించినదానికంటె ఎక్కువ బరువు పొందుతుంది.

మరొక ఓడను కూడ ఇక్కడ స్మరింపవలసి ఉన్నది. కోమగాటమారు అన్నదీ జపాను సరకుల ఓడయే. 1914లో హాంకాంగు నుండి బయలుదేరి, 376 మంది భారతీయులతో కెనడాలోని వాంకూవరు చేరినది. వారిలో అత్యధికులు పంజాబువారు. వారిని దిగనీయక, రెండు నెలలు రేవులో నిలిపి, తిరిగి పంపివేసినారు. ఆ సంవత్సరం సెప్టెంబరులో హుగ్లీ తీరాన బజ్‌బజ్ వద్ద దిగినప్పుడు కాల్పులు జరిగి ఇరవైమంది దాకా మరణించినారు. రెండేండ్లు తిరగకముందే తోసామారు అదే బజ్‌బజ్ మీదుగా సముద్రంలోకి సాగినది. ఒక సరకుల ఓడ కవిని అతిథిగా మోసినది. మరొకటి మనుషులను మోసుకొనిపోయి, పనికిరాని సరకువలె వారినే తిరిగి తెచ్చినది. ఓడ ఒకే జాతిది. అందులో మనిషికి దొరికే స్థానం అతని చేతిలోని చీటిని బట్టి, చేరే రేవున ఎదురుచూచే చట్టాన్ని బట్టి మారుతుంది. రవీంద్రుని గ్రంథం ఈ సంగతిని చెప్పడానికి పుట్టినది కాదు. అయినను నేటి పాఠకుడు ఈ రెండవ ఓడ నీడను విడిచి ఆ మొదటి ఓడను చూడలేడు.

కవి తన మిత్రునికి వ్రాసిన లేఖలలో కూలీల చరిత్రను వెదకడం న్యాయమా అని ఎవరైనా అడుగవచ్చును. ప్రశ్న తగినదే. దీనికి వివేకానందుని 'పరివ్రాజక' సమాధానం చెప్పుతుంది. 1899లో అతడు కలకత్తా నుండి 'గోల్కొండ' అన్న ఓడలో మద్రాసు మీదుగా ఐరోపా బయలుదేరినాడు. ప్లేగు నిబంధనల వల్ల మద్రాసులో దిగనీయలేదు. అదీ దారిలో వ్రాసిన లేఖల సంపుటమే. అదీ హాస్యంతో నిండినదే. అయినను ఆ లేఖలలోనే అతడు నాగలి పట్టినవాని గుడిసె నుండి, జాలరి, చర్మకారుల ఇండ్ల నుండి నవభారతం లేచిరావలెనని ఉద్ఘోషించినాడు. కనుక ప్రయాణలేఖ అన్నది అంత బరువు మోయలేని రచనావిశేషమేమీ కాదు. అయితే రెండింటినీ పక్కపక్కన పెట్టినచో ఒక విశేషం బయటపడుతుంది. వివేకానందుని శ్రామికుడు ఒక మహాభావం. అతని చెమట మనకు కనబడదు. రవీంద్రుని శ్రామికుడు ఒక ప్రత్యక్షశరీరం. అతని హక్కు మనకు వినబడదు. ఒకరిలో కొరవడినది మరొకరిలో ఉన్నది. ఇద్దరిని కలిపి చదువుకొనడం వారిలో ఎవరినీ తక్కువ చేయడం కాదు.

భాషను గురించి ఒక మాట చెప్పక తప్పదు. 1914లో ఆరంభమైన 'సబుజ్ పత్ర' వంగదేశంలో చలితభాషకు, అనగా వాడుకభాషకు, ప్రతిష్ఠ కల్పించిన పత్రిక. 'జపాన్ యాత్రి' ఆ భాషలో వ్రాసినదే. తెలుగుదేశంలో గురజాడ అప్పారావు తన అసమ్మతి పత్రం సమర్పించినదీ ఆ సంవత్సరంలోనే. రెండు దేశాలలో ఒకే వివాదం ఒకే సమయాన సాగినదని అనువాదకుడు మరువరాదు. తోసామారు లేఖలను గంభీర గ్రాంథికంలోకి మార్చినచో కప్తాను తిరిగి ఉడుపులు తొడుగుకొని నిలుచుంటాడు. డెక్కును 'నౌకోపరితలం' అన్నచో చెరకు నమిలేవారు అక్కడ కూర్చుండలేరు. కళాసీ, మేస్త్రీ, రేవు, మూట, డెక్కు - ఈ మాటలు తెలుగువానికి సముద్రతీరం ఇచ్చినవే. వాటిని విడిచి సంస్కృతపదాలకై వెదకడం మూలానికి అన్యాయం చేయడమే కాక, ఓడ ఎక్కిన తన పూర్వులనుండి అనువాదకుడు తొలగిపోవడం కూడ. రంగూను అన్న పేరును కవికి విడిచిపెట్టవలసినదే. కాని ఆ పేరు వచ్చినచోటనల్లా 'రంగం' అన్న మాట తెలుగు పాఠకుని చెవిలో మ్రోగక మానదు. అట్లు మ్రోగడం అనువాదానికి లోపం కాదు, లాభం.

ఈ గ్రంథం విలువ కాలంతో పెరిగినదనడానికి మరొక హేతువున్నది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో ఐడియల్ ఎక్స్ అన్న ఓడ 58 ఇనుపపెట్టెలతో న్యూవార్కు నుండి హ్యూస్టనుకు సాగినది. ఆ దినం నుండి రేవుపని స్వరూపం మారినది. మూటలు పెట్టెలలో దాగినవి. పెట్టెలను యంత్రాలు ఎత్తుతున్నవి. ఓడ రేవున నిలిచే కాలం దినాల నుండి గంటలకు దిగినది. సరకుల ఓడ పన్నెండుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకొన్నచో అంతర్జాతీయ నియమాల ప్రకారం అది ప్రయాణికుల ఓడగా పరిగణింపబడుతుంది. అందుచేత అట్టి ప్రయాణం ఎన్నడూ కొద్దిమంది భాగ్యమే. 2020లో మహమ్మారి వచ్చిన పిమ్మట పలు కంపెనీలు ఆ కొద్దిమందిని కూడ ఎక్కించుకొనడం మానివేసినవి. నేడు ఎవరైనా ఆ దారిన పోయినను హాంకాంగులో కవి చూచిన దృశ్యం వారికి దొరకదు. ఆ కండరాల అలలు లేవు. బరువు ఎత్తే మనిషి ముఖం లేదు. శ్రమ నశించలేదు, కనుమరుగైనది. రవీంద్రుడు కీర్తించిన లయ పోవడం నష్టమా, వీపు మీది బరువు తగ్గడం లాభమా అన్న ప్రశ్నకు సులభమైన జవాబు లేదు. ఆ బరువును ఒకనాడు మనుషులు మోసినారన్న జ్ఞాపకం మాత్రం పోరాదు.

'జపాన్ యాత్రి' సంపూర్ణమైన గ్రంథం కాదు. పైడెక్కు నుండి చూచినవాడు వ్రాసిన గ్రంథం. ఆ ఎత్తునుండి కనబడేవన్నీ అందులో అపూర్వంగా కనబడుతాయి, కనబడనివి కనబడవు. ఆ కనబడనివాటిని పూరించవలసినవారు కింది డెక్కు వారి సంతతి. తెలుగు పాఠకులు ఈ గ్రంథాన్ని మహాకవిపై భక్తితో మాత్రమే చదివినచో సగమే చదివినట్లు. తమవారిని చిన్నచూపు చూచినాడన్న కోపంతో చదివినచో ఆ సగం కూడ పోగొట్టుకొన్నట్లు. రంగం పోయి వచ్చినవారి జాబులు, మేస్త్రీల పద్దులు, తీరప్రాంతపు పాటలు, ఇంటింటి జ్ఞాపకాలు సేకరించి ఈ గ్రంథం పక్కన ఉంచినప్పుడే ఆ ఓడ పూర్తిగా మన కంటికి కనబడుతుంది. ఆ పని ఆలస్యమైనకొద్దీ చెప్పగలవారు తరిగిపోతున్నారు.